రెండు కుండలు

అరకు స్టేషను బయట కట్టిన బ్యానరు మీద హేమలత ఎడమచేత్తో ఆడుతోంది. నిజానికి ఆమెది కుడిచేతివాటం. సన్మానం ఏర్పాటు చేసి బ్యానరు వేయించిన సాయినాథ్‌కి, పేర్లు రాయడానికి చోటు కుదిరేలా ఫొటోని అటు తిప్పడం తప్ప వేరే ధ్యాస లేకపోయింది. 'మన్యం ముత్యం, భారత జట్టు బ్యాటర్ కొర్రా హేమలతకు ఘనస్వాగతం' అని పసుపు అక్షరాలు, వాటి చుట్టూ స్థానిక నాయకుల తలకాయలు. హేమలత తల కంటే ఆ తలకాయలే పెద్దవిగా ఉన్నాయి.

రైలు దిగీ దిగగానే ఆమెను నేరుగా షామియానా కిందికి నడిపించుకుపోయారు. మెడలో దండలు పడ్డాయి. ఒక పెద్దమనిషి మైకు అందుకుని, మన పిల్ల శ్రీలంకలో అద్భుతంగా రాణించిందని చెప్పాడు. ఆయన తరవాతి పెద్దమనిషి ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ప్రత్యర్థులకు ముచ్చెమటలు పట్టించిందన్నాడు. హేమలత దండలో గులాబీ రేకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. శ్రీలంకలో ఆమె ఆడింది రెండు మ్యాచ్‌లు. మొదటిదాంట్లో మొదటి బంతికే సున్నా. రెండోదాంట్లో మూడో బంతికి సున్నా. మూడో మ్యాచ్‌లో తోటివాళ్ళకు మంచినీళ్ళ సీసాలు అందించింది. ముచ్చెమటలు పట్టినమాట నిజమే గాని, అవి పట్టింది ఆమెకు.

ఈ సంగతి వేదిక మీదివాళ్ళకు తెలుసు. కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళకు తెలుసు. పక్కన బొంగు చికెన్ కాలుస్తున్నవాడికి కూడా తెలుసు. అయినా సున్నా అన్న మాట ఒక్కరి నోటంటా రాలేదు. చావింటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు వానల గురించీ పంటల గురించీ మాట్లాడినట్టు, అందరూ చాలా మర్యాదగా మాట్లాడారు. ఎవరైనా తిట్టినా బాగుండునని హేమలతకు అనిపించింది. తిట్టేవాళ్ళకు కనీసం తను ఆడిందని గుర్తుంటుంది.

చివర్లో సాయినాథ్ ఒక కొత్త బ్యాటు తెచ్చి, అది పట్టుకుని ఫొటోకు నిలబడమన్నాడు. ఆ రెండో సున్నా తరవాత హేమలత బ్యాటు ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్ని చూడగానే అరచేతుల్లో చెమట పట్టింది. మణికట్టు నొప్పిగా ఉందని చెప్పింది.

అంత చిన్న మాట అంత పెద్దదవుతుందని ఆమె అనుకోలేదు. సాయినాథ్ కళ్ళు మెరిశాయి. అతను గబగబా మైకు దగ్గరకు వెళ్ళి, మన బిడ్డ గాయంతోనే దేశం కోసం ఆడిందని ప్రకటించాడు. జనం అంతవరకూ కొట్టని చప్పట్లు అప్పుడు కొట్టారు. ఎవరో ఎదురుగా ఉన్న మందులషాపుకు పరుగెత్తి కట్టు గుడ్డ తెచ్చారు. అందరూ చూస్తుండగా సాయినాథే స్వయంగా ఆమె కుడి మణికట్టుకు చుట్టలు చుట్టలుగా కట్టు కట్టాడు. సున్నాలకు ఒక కారణం దొరికినందుకు అక్కడున్న వాళ్ళందరి ప్రాణం కుదుటపడింది. ముందు వరసలో కూర్చున్న ఆమె తండ్రి గాసి మాత్రం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

జీపు ఎక్కాక గాసి సంచులన్నీ తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. చిన్న నీళ్ళసీసా కూడా కూతుర్ని పట్టుకోనివ్వలేదు. ఆ చేత్తో ఎంత బాధ పడిందో, ఇంటికి ఫోను చేసినప్పుడు ఒక్క మాట కూడా చెప్పలేదేమని డ్రైవరుతో అన్నాడు. హేమలత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మొన్నటి వానకు కాఫీ తోటలు పూతకొచ్చాయి. కొమ్మ కొమ్మంతా తెల్లగా ఉంది, మల్లెల్లాంటి ఆ పూత వాసన జీపు లోపలికి కూడా వచ్చింది. ఎప్పుడూ ఆ వాసన తగిలితే ఆమెకు ఇల్లు చేరినట్టుండేది. ఇవాళ మాత్రం ఆమె కట్టు వైపు చూసుకుంటూ వేరే లెక్క వేసుకుంటోంది.

సోమవారం నుంచి బెంగుళూరులో క్యాంపు. అక్కణ్ణించి జట్టు ఇంగ్లండు వెళ్తుంది. రెండు సున్నాల తరవాత కూడా ఆమె పేరు జట్టులో ఉంచారు. మొదట నమ్మలేదు, నమ్మాక భయపడింది. మూడో సున్నా కూడా వస్తే ఎలాగన్న భయం రాత్రీ పగలూ వదలడం లేదు. మణికట్టు బాగాలేదని ఒక్క మాట చెబితే చాలు, వెళ్ళనక్కర్లేదు. ఎవరూ ఆమెను తీసేసినట్టు ఉండదు, ఆమె ఓడిపోయినట్టూ ఉండదు. ఆ లెక్క ఎంతో సుఖంగా కనిపించింది.

పనసగుడ మలుపులో జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా వెదురు వాసం. దాని వెనక ఊరి ఆడవాళ్ళు తలల్లో పూలు పెట్టుకుని నిలబడ్డారు. చైత్రంలో మన్యంలో చేసే ఇటుకల పండుగ రోజులివి. మగవాళ్ళు అడవికి వేటకు పోతారు, ఆడవాళ్ళు దారికి వాసం అడ్డం పెట్టి వచ్చే పోయే బండ్లన్నీ ఆపుతారు. కలెక్టరు కారైనా సరే, ఏదో ఒకటి చేతిలో పెడితే గాని వాసం లేవదు. ఆ వాసం ఒక కొస పట్టుకుని సోములమ్మ ఉంది. ఆమె గాసి తల్లి, హేమలతకు మామ్మ. ఈ పండుగ రోజుల్లో ఊళ్ళో సర్పంచి మాట కంటే ఆమె మాటే చెల్లుతుంది.

సోములమ్మ జీపులోకి తల పెట్టి మనవరాలి బుగ్గలు రెండూ నలిపింది. దండలు చూసింది, కట్టు చూసింది. తరవాత, స్టేషను దగ్గర అంతమంది పెద్దమనుషులు అడగని మాట అడిగింది.

"ఎన్ని కొట్టినావే గుంటా?"

హేమలత కట్టు చేతిని ఒళ్ళోకి లాక్కుంది. గాసి కల్పించుకుని, దాని సెయ్యి చూడమ్మా, గాయంతో ఆడిందట అన్నాడు. సోములమ్మ కొడుకు వంక చూడలేదు. మనవరాలి మొహం వంకే కాసేపు చూసి వాసం పైకెత్తింది.

*

మర్నాడు పొద్దున్న సోములమ్మ ఒక ఆకు నూరి పసరు తీసింది. ఆమె చేతి పసరుకు బెణుకులు తగ్గుతాయని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. హేమలత వద్దన్నా వినకుండా కట్టు విప్పి, మణికట్టు తన ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నొక్కుతూ ఎక్కడ నొప్పని అడిగింది. హేమలత ఎముక మీద చూపించింది. సోములమ్మ పసరు రాసి, కాస్త ఆగి, మళ్ళీ ఎక్కడని అడిగింది. ఈసారి హేమలత వేలు ఇంకో పక్కకు పోయింది. సోములమ్మ అక్కడా రాసింది. కట్టు మళ్ళీ ఎలా ఉన్నది అలాగే చుట్టింది.

తరవాత ఇద్దరూ అరుగు మీద చింతపండు ముందేసుకుని కూర్చున్నారు. ఆ నెలలో ప్రతి ఇంటా అదే పని. ఎండిన కాయను రాతి మీద పెట్టి చిన్న కర్రతో కొట్టాలి, పెంకు విడిపోతుంది. రెండో దెబ్బకు గింజ బయటికి రావాలి గాని నలగకూడదు. హేమలత ఎడమచేత్తో మొదలుపెట్టింది. అది తనకు చాతకాలేదు. గింజలు నలిగాయి, పెంకులు ఎగిరి అమ్మ వరహాలు కడిగి ఆరబెట్టిన చోడిగింజల్లో పడ్డాయి. వరహాలు కాస్త విసుక్కుని చాట అవతలికి జరుపుకుంది. మామ్మ ఏవో ఊరి కబుర్లు చెబుతోంది. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, నిరుడు పండక్కి ఎవరు ఎంత తడిశారు. హేమలత నవ్వుతూ వింది. వింటూ వింటూ కర్ర ఎప్పుడు కుడిచేతిలోకి మార్చుకుందో ఆమెకే తెలియలేదు. టకటకమని దెబ్బలు పడుతున్నాయి, గింజలు ఒక్కటీ నలగకుండా ఊడి పడుతున్నాయి. మణికట్టు బొంగరంలా తిరుగుతోంది.

సోములమ్మ ఆ చేతిని చూసింది. చూసి, ఇంకో గంప చింతకాయలు తెచ్చి మనవరాలి ముందు కుమ్మరించింది.

మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి ఫ్లోరెన్స్ మేడమ్ ఫోను చేసింది. ఆశ్రమ పాఠశాల ఆటల పోటీల్లో హేమలతను చూసి, వెంటబెట్టుకుపోయి, బ్యాటు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆవిడ. గాయం సంగతి పేపర్లో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని ముందు చీవాట్లు పెట్టింది. తరవాత గొంతు తగ్గించింది.

"రేపు సాయంత్రంలోగా నాకు చెప్పు, హేమా. రాగలిగితే రా. రాలేనంటే ఇంకో అమ్మాయిని పిలుస్తారు. వాళ్ళకి టైము లేదు, జాలీ లేదు."

రేపు చెబుతానంది హేమలత. ఇప్పుడే చెప్పేయొచ్చు. రాలేను మేడమ్ అన్న మాట నాలుక చివరే ఉంది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు. ఫోను పెట్టేసి, ఊరి పైన పిల్లలు ఆడుకునే చోటుకు నడిచింది.

పనసగుడ మొత్తానికి చదును అనిపించుకునే నేల అదొక్కటే, అదీ చదును కాదు. ఒక పక్క కొండ ఎక్కుతుంది, ఇంకో పక్క లోయలోకి జారిపోతుంది. కొండవైపు కొట్టిన బంతి తనంతట తనే దొర్లుకుంటూ వెనక్కి వస్తుంది. లోయవైపు కొడితే కాఫీ తోటలు దాటి ఎక్కడో పడుతుంది, దాంతో ఆ పూట ఆట సరి. అందుకని ఎప్పుడో ఎవరో పెట్టిన రూలు ఒకటుంది. లోయలో కొడితే ఔట్, కొట్టినవాళ్ళే దిగి వెతకాలి. హేమలత బండ మీద కూర్చుని చూసింది. రెండు జడల పిల్ల ఒకతె ఆడుతోంది. బంతి కాళ్ళ మీదికి వచ్చింది. లోయవైపు తోసేస్తే సరిపోయే బంతి. పిల్ల చేతులు క్షణం ఆగిపోయాయి. ఆ తరవాత ఒళ్ళంతా మెలితిప్పుకుని కొండవైపు కొట్టబోయింది. బంతి బ్యాటు అంచుకు తగిలి గాల్లోకి లేచింది.

హేమలత బండ మీంచి లేచింది. కొలంబోలో జరిగింది అచ్చం ఇదే. మొదటి బంతి కాళ్ళ మీదికి వచ్చింది, నెమ్మదిగా, దానం చేసినట్టు. అటు పక్క ఒక్క ఫీల్డరు లేడు. ఫ్లోరెన్స్ మేడమ్ ఆ దెబ్బను ఆమెచేత నెట్స్‌లో వేలసార్లు కొట్టించింది. కానీ అంతమంది జనంలో, ఆ భయంలో, చేతులకు మేడమ్ చెప్పింది గుర్తు రాలేదు. లోయ గుర్తొచ్చింది. చేతులు ఆగాయి. రెండో మ్యాచ్‌లోనూ అంతే. ఎందుకలా అయిందని కోచ్‌లు అడిగితే ఆమె చెప్పలేకపోయింది. మా ఊళ్ళో అటువైపు కొడితే ఔట్ అని వాళ్ళకెలా చెబుతుంది?

*

వేట నాడు తెల్లవారుతూనే మగవాళ్ళంతా ఊరి మధ్య దేవతకు గుర్తుగా నిలిపిన నిసాని రాళ్ళ దగ్గర చేరారు. పూజారి వరి, చోళ్ళు, సామలు కలిపిన విత్తనాలు దేవతకు చూపించి, తలా గుప్పెడు పంచాడు. వేట బాగుంటే విత్తు బాగుంటుందని నమ్మకం. ఇప్పుడు అడవిలో వేటకు అంత ఏమీ లేదు, ఉన్నవాటిని కొట్టొద్దని ఫారెస్టువాళ్ళు ఊరూరా తిరిగి చెప్పారు. ఊళ్ళోవాళ్ళకూ ఆ మాట సబబుగానే తోచింది. అయినా వెళ్ళడం మానలేదు. పూర్వం జింక తెచ్చేచోట ఇప్పుడు నాలుగు దుంపలో, తేనెపట్టో, వాగులో పీతలో తెస్తే చాలనుకుంటున్నారు. అదీ దొరకనివాళ్ళు ఉత్త చేతులతో వస్తారు. వాళ్ళకోసం ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ పేడ ఏరి, కుండల్లో వేసి, నీళ్ళు పోసి, చేత్తో చిక్కగా కలిపి పెడతారు. పండుగలో అందరూ ఎదురుచూసేది దానికోసమే.

గాసి భుజాన విల్లు, చంకలో పెద్ద సంచి పెట్టుకుని బయలుదేరాడు. వేటకు అంత సంచి దేనికని వరహాలు అడిగితే, పెద్దది పడితే దేంట్లో పెట్టుకుంటానని విసుక్కున్నాడు. ఆ సంచి తనలో తనే కదిలినట్టు హేమలతకు అనిపించింది.

పొద్దు వాలే వేళకు డప్పులు వినిపించాయి. ఆడవాళ్ళు ఊరి మొదట్లో వరసగా నిలబడ్డారు. హేమలతను కూడా లాక్కొచ్చి వరసలో నిలబెట్టారు, ఎడమచేతికి ఒక కుండ ఇచ్చారు. జేబులో ఫోను ఉంది. సాయంత్రం అయిపోతోంది. ఈ సందడి కాగానే మేడమ్‌కి చెప్పేయాలని ఆమె నిశ్చయించుకుంది.

అందరికంటే ముందు ఆమె మేనమామ ఫల్గుణ వచ్చాడు. ఆ చుట్టుపక్కల అతని గురికి తిరుగు లేదంటారు. సోములమ్మ అతనికి ఎదురెళ్ళి, ఆనవాయితీ ప్రకారం అందరికీ వినపడేలా అడిగింది.

"ఏటి తెచ్చినావురా?"

"ఏటీ తేనేదత్తా," అన్నాడు ఫల్గుణ అంతే గట్టిగా, చేతులు రెండూ చాపి చూపిస్తూ. కుండెడు పేడనీళ్ళు అతని నెత్తిన పడ్డాయి. బాణం వంకరా, కన్ను వంకరా, రెండూ బాగుంటే పెళ్ళాం వండిన కూడు వంకరా అని ఆడవాళ్ళు అప్పటికప్పుడు పాట కట్టారు. ఫల్గుణ మొహం తుడుచుకుని, ఆ పాటకే రెండడుగులు ధింసా వేసి, చాప మీద మొదటి చోట కూర్చున్నాడు. తడిసినవాళ్ళకే ముందు వడ్డిస్తారు. వరహాలు అన్నకు ఆకులో సామన్నం పెట్టింది. అతని తరవాత ఇంకొందరు వచ్చారు, చెప్పారు, తడిశారు, కూర్చున్నారు. ఒకతను పీతలు తెచ్చి పొడిగా లోపలికి పోయాడు గాని, అతన్ని చూసి ఎవరూ పెద్దగా నవ్వలేదు.

గాసి అందరి కంటే వెనకొచ్చాడు. ఏం తెచ్చావంటే ఛాతీ విరుచుకుని, అడివికోడి, ప్రాణంతోనే పట్టాను అన్నాడు. సంచిలోంచి కోడిని తీసి నేల మీద పెట్టాడు. అడవికోడి అయితే మనిషి నీడ చూస్తేనే ఎగిరిపోవాలి. ఈ కోడి ఒళ్ళు దులుపుకుంది, అటూ ఇటూ చూసింది, తాపీగా నడుచుకుంటూ వచ్చి సోములమ్మ కాళ్ళ దగ్గర చాటలో విత్తనాలు తినడం మొదలుపెట్టింది. దాని ఎడమకాలికి సంతలో కట్టిన పురికొస ముక్క ఇంకా వేలాడుతోంది.

ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. గాసి కాసేపు మేకపోతు గాంభీర్యం నటించి, ఇక లాభం లేదని తలొంచాడు. పట్నం నుంచి కూతురు వచ్చింది, దాని ముందు తడవడం బాగుండదనుకున్నాను అని గొణిగాడు. సోములమ్మ కొడుకు నెత్తిన ఒక కుండ పోసింది. అతను కదలబోతే ఆగమని రెండో కుండ అందుకుంది.

"అడివి ఇయ్యనప్పుడు ఉత్త సేతుల్తో రావడం తప్పు కాదురా. ఎల్లినోడికే కదేటి ఉత్త సేతులు. ఈ రెండోది ఉత్త సేతులకి కాదు, అబద్ధానికి."

రెండో కుండ మొదటిదానికంటే చిక్కగా ఉంది. అది పడుతుంటే అందరూ నవ్వారు, గాసి కూడా నవ్వాడు. హేమలత ఒక్కతే నవ్వలేకపోయింది. కట్టు కింద మణికట్టు చురచురమంది. ఆ చేతికి నిజంగా ఏదో అయిందేమో అనిపించేంతగా మండింది.

సోములమ్మ ఖాళీ కుండ కింద పెట్టి, వరస వెంట చూస్తూ మనవరాలి దగ్గర ఆగింది.

"నువ్విక్కడేటి సేత్తన్నావే?"

"కుండ పట్టుకున్నాను మామ్మా."

"ఇటేపు నిలబడీది ఊళ్ళో ఉండిపోయినోళ్ళం. నువ్వు ఉండిపోనావేటి? సముద్రం దాటి ఎల్లినావు కదా."

వరసలో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ఆడదాని మీద పేడనీళ్ళు పోయడం తన ఎరకలో లేదని ఒక ముసలామె అడ్డం చెప్పింది. పండక్కి మంచిది కాదేమోనని ఇంకొకామె అంది. అందరూ పూజారి వైపు తిరిగారు. ఆయన కూడా అప్పుడే తడిసి, మీసాల్లోంచి పేడ తీసుకుంటున్నాడు. ఆడోళ్ళని తడపొద్దని దేవత ఏనాడూ అననేదు, ఆడోళ్ళు ఏనాడూ ఎల్లనేదు, అంతే అన్నాడు ఆయన. అని మళ్ళీ మీసాల పనిలో పడ్డాడు. చాప మీద కూర్చున్న ఫల్గుణ తన ఆకు ఎత్తుకుని కాస్త పక్కకు జరిగాడు. అతని పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

ఆ చోటు చూశాక హేమలత ఇంక నిలబడలేకపోయింది. కుండ పక్కామె చేతిలో పెట్టి, ఆ వరసలోంచి నడిచి, వేటనుంచి వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడింది. ఎన్నో స్టేడియాల్లో క్రీజు దాకా నడిచింది గాని, ఆ పదడుగులంత దూరం ఎప్పుడూ నడిచినట్టు లేదు.

"ఏటి తెచ్చినావే?" అని అడిగింది సోములమ్మ, మగవాళ్ళను అడిగిన గొంతుతోనే.

"సున్నా."

"అంటే ఏటి?"

"ఏటీ తేనేదు మామ్మా. రెండోసారి కూడా ఏటీ తేనేదు."

కుండ వంగింది. చల్లటి, చిక్కటి పేడనీళ్ళు నడినెత్తి నుంచి చెవుల్లోకి, మెడలోకి, వీపు మీదికి దిగాయి. పచ్చి గడ్డి వాసన గుప్పుమంది. బ్యాటు వంకరా, బంతి వంకరా, లంక వాళ్ళ నేలే వంకరా అని వెనకనుంచి పాట అందుకున్నారు. ఊరంతా ఆమె సున్నాను చూసి నవ్వుతోంది, నోరారా, కడుపారా నవ్వుతోంది. హేమలతకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎవరూ దాచని చోట సున్నా ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయింది.

సోములమ్మ పక్కకు తప్పుకుని, వెళ్ళి కూర్చోమన్నట్టు చాప చూపించింది. హేమలత కదల్లేదు.

"ఇంకో కుండ ఉంది మామ్మా," అంది.

అని, కట్టు ముడి పళ్ళతో లాగి విప్పింది. తడిసిన గుడ్డ చుట్టలు చుట్టలుగా ఊడి కాళ్ళ దగ్గర పడింది. కుడి చెయ్యి పైకెత్తి, అందరికీ కనపడేలా మణికట్టు అటూ ఇటూ తిప్పి చూపించింది. తండ్రి మొహం చూడటానికి ఆమెకు సిగ్గేసింది, అయినా చూసింది. గాసి నోరు తెరిచి ఆ చేతిని చూశాడు. తరవాత పురికొస కాలితో విత్తనాలు తింటున్న తన కోడిని చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"నా కూతురే," అన్నాడు.

"నాకు తెల్దేటి?" అంది సోములమ్మ రెండో కుండ ఎత్తుతూ. "సింతపండు కొట్టిననాడే తెలుసు. నువ్వు సెప్తావో సెప్పవో అని సూసినాను." ఆ కుండ ఆమె ఏమాత్రం మొహమాటం లేకుండా, అడుగున ఉన్న ముద్దతో సహా పోసింది.

చాప మీద ఫల్గుణకూ గాసికీ మధ్య హేమలత కూర్చుంది. తల్లి ఆమె ఆకులో వేడి సామన్నం పెట్టి, పైన చింతపండు పులుసు పోసి, బిడ్డ జుట్టులోంచి గడ్డిపరక ఒకటి తీసింది. ఇంత ఆకలి వేసి చాలా రోజులైంది. తింటుండగా ఫల్గుణ, రేపు ఎటువైపు ఎల్తావని గాసిని అడిగాడు. హేమలత అర్థం కాక చూసింది. మామ నవ్వి, తడిసినవాళ్ళు మర్నాడు ఇంట్లో ఉండకూడదు, మళ్ళీ వెళ్ళితీరాలని చెప్పాడు. పొడిగా వచ్చినవాళ్ళు కావాలంటే పడుకోవచ్చు.

హేమలత చెయ్యి చీరకొంగుకు తుడుచుకోబోయి, తను వేసుకున్నది ట్రాక్‌ప్యాంటని గుర్తొచ్చి, తండ్రి తువ్వాలు లాక్కుని తుడుచుకుంది. ఫోను తీసి చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. చెయ్యి బాగుంది మేడమ్, మొదట్నించీ బాగానే ఉంది, రేపు బయలుదేరి వస్తున్నాను అని చెప్పింది. అవతల ఫ్లోరెన్స్ మేడమ్ ఆ వెనకాల డప్పులేమిటని అడిగింది.

ఇంకా వెలుగుండగానే ఆమె ఒళ్ళు కూడా కడుక్కోకుండా పిల్లల దగ్గరకు వెళ్ళింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతూనే బ్యాటు ఇచ్చారు. అది సిల్వర్‌ఓక్ చెక్క, పిడికి సైకిలు ట్యూబు చుట్టారు. కాళ్ళ మీదికి వెయ్యమని రెండు జడల పిల్లకు చెప్పింది. పిల్ల అనుమానంగా చూసి వేసింది. బంతి కాళ్ళ మీదికే వచ్చింది. చేతులు ఆగబోయాయి. హేమలత వాటిని ఆగనివ్వలేదు. మణికట్టు తిరిగింది, రబ్బరు బంతి చింతచెట్టు మీదుగా, తెల్లటి కాఫీ పూత మీదుగా లేచి, లోయలోకి వెళ్ళి మాయమైంది.

పిల్లలంతా ఒక్క గొంతుతో ఔట్ అని అరిచారు. రూలు రూలే కాబట్టి హేమలత దిగి వెతికింది. వద్దన్నా గాసి కూడా వెనకే దిగాడు. పేడ వాసన కొడుతున్న తండ్రీకూతుళ్ళు కాఫీ మొక్కల కింద వంగి వంగి వెతుకుతుంటే పైన పిల్లలు కేకలు పెట్టారు. ఆ బంతి దొరికింది. దాంతోపాటు ఎప్పటివో పాత బంతులు, రంగు పోయి నాచు పట్టినవి, ఇంకో రెండు దొరికాయి. లోయ అంత లోతేమీ కాదు. ఇన్నేళ్ళూ ఎవరూ సరిగ్గా దిగలేదు.

మర్నాడు పొద్దున్న మలుపు దగ్గర జీపు మళ్ళీ ఆగింది. వాసం కింద ఉంది, ఆడవాళ్ళు పూలు మార్చి నిలబడ్డారు. ముందు రాత్రి మూడుసార్లు తలంటుకున్నా హేమలత జుట్టులో ఆ వాసన పోలేదు. విమానంలో పక్కన కూర్చునేవాళ్ళ గతేమిటో అని తలుచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఏదైనా ఇస్తే గాని వాసం లేవదన్నారు. ఆమె సంచిలోంచి ఆ కట్టుగుడ్డ తీసి మామ్మ చేతిలో పెట్టింది. సోములమ్మ దాన్ని వాసం కొసకు జెండాలా కట్టి, వాసం పైకెత్తింది.

"బేగి ఎల్లు," అంది. "దొరికితే తీసుకురా. దొరక్కపోతే నువ్వు రా. పేడకేటి కరువు?"